ఇంధనము కరవైన దినములలో



మన చెన్నపట్టణమునుండి విమానమెక్కినచో గంటన్నరలోపుననే చేరదగిన కొలంబో నగరమున, 2022వ సంవత్సరమున, పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, వంటగ్యాసు అను నాలుగును ఇంచుమించుగా ఒక్కసారే కరవైనప్పుడు, అచ్చటి సామాన్య గృహస్థులు దినములెట్లు వెళ్ళబుచ్చిరో, ఆ కష్టకాలమున వారికి నిజముగా ఊతమైనదేదో విచారించుట నేటి నా ప్రసంగమునకు విషయము. ఆ చెన్నపట్టణపు శివారైన మన అంబత్తూరులో కాపురముండువారికి ఇది దూరదేశపు ముచ్చట కానేరదు. 1960 దశకమున పారిశ్రామిక ఎస్టేటు వెలసిన నాటినుండి ఈ ఊరు చక్రములమీదను, మోటారులమీదను, ఇంజనులమీదను ఆధారపడి బ్రతుకుచున్నది. తెల్లవారకముందే సరుకులారీలు వచ్చి షెడ్ల ముందు నిలుచును. షిఫ్టునకు పోవువారి మోటారు సైకిళ్ళతో వీధులు నిండును. మధ్యాహ్నమునకు క్యాంటీనులలో గ్యాసుపొయ్యిలమీద వందలమందికి అన్నము ఉడుకును. ఇట్టి ఊరిలో నెలదినములు పెట్రోలు బంకులు మూతపడినచో ఏమగునన్న ప్రశ్న నన్ను చాలకాలముగా కలతపెట్టుచున్నది గనుక, అట్లు నిజముగా జరిగిన చోటి అనుభవమును శ్రద్ధగా తెలిసికొనవలెనని తోచినది.

కొలంబో నగరమున్న శ్రీలంక దీవి తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. అచ్చటి కండి రాజ్యమును తుదకు ఏలిన నాయకరాజులు మధుర ప్రాంతమునుండి పోయిన తెలుగు వంశమువారే. 1815లో సింహాసనము కోల్పోయిన శ్రీ విక్రమ రాజసింహుడు మన వేలూరు కోటలో బందీగా ఉండి 1832లో కన్నుమూసెను. పాములనాడించుచు, చేయిచూచి జోస్యము చెప్పుచు, ఊరూరు తిరిగి జీవించిన అహికుంటకులను ఒక చిన్న తెగవారు నేటికిని అచ్చట తమ ఇండ్లలో తెలుగు మాటాడుకొందురు. కావున అచ్చటి పొయ్యి ఆరినదన్న వార్త విన్నప్పుడు మనవారి గడపలో జరిగినట్లే నాకు అనిపించినది.

ఆ కరవునకు కారణములనుగూర్చి విస్తరింపను. 2019లో ఈస్టరునాడు జరిగిన బాంబు ప్రేలుళ్ళతో యాత్రికుల రాక తగ్గెను. వెంటనే కోవిడు వచ్చి దానిని పూర్తిగా నిలిపివేసెను. అంతలో పన్నులు తగ్గించుటవలన ఖజానా చిక్కెను. 2021లో రసాయనపు ఎరువుల దిగుమతిని నిషేధించుటవలన పంటలు దెబ్బతినెను. విదేశములకు చెల్లింపవలసిన డాలర్లు అడుగంటగా, 2022 ఏప్రిలు 12వ తేదీన విదేశ ఋణములను తీర్చజాలమని ఆ ప్రభుత్వము ప్రకటించెను. నూనె తెచ్చిన ఓడలు రేవునకు వెలుపల లంగరు వేసికొని సొమ్ము ముట్టువఱకు సరుకు దింపక నిలిచియుండెను. నూనె కంటికి కనబడుచునే ఉన్నది, చేతికి మాత్రము అందలేదు.

ఇక వరుసలనుగూర్చి చెప్పెదను. సంవత్సరారంభమున బంకులముందు చిన్నవిగా మొదలైన వరుసలు మే, జూను మాసములనాటికి కిలోమీటర్ల పొడవునకు సాగెను. ఆటో నడుపువాడు సాయంకాలము బండిని వరుసలో చేర్చి, రాత్రి దానిలోనే ముడుచుకొని పండుకొని, మరునాటి పగలును అచ్చటనే గడపి, తుదకు దొరికిన కొద్దిపాటి పెట్రోలుతో ఒకటి రెండు దినములు బాడుగలు తోలి, మరల వచ్చి వరుస కొనను చేరుచుండెను. సంపాదించు దినములకన్న వేచియుండు దినములే ఎక్కువయ్యెను. ఇంటి యాడువారు ఖాళీ సిలిండర్లను వీధిలో బారుగా నిలిపి, ఎండలోను వానలోను వాటిప్రక్కనే కూర్చుండిరి. మార్చి మాసమున వరుసలలో నిలిచిన వృద్ధులు కొందరు అక్కడనే ప్రాణములు విడిచిరి. తగవులు ముదురగా బంకులవద్ద సైనికులను కాపలా పెట్టవలసివచ్చెను. జూను మాసాంతమున అత్యవసర సేవలకు తప్ప తక్కినవారెవరికిని నూనె అమ్మరాదని ఆజ్ఞ వెలువడెను. పట్టణములలో బడులు మూసిరి.

ఈ వృత్తాంతమంతయు చదివినకొలది నాకు దృఢపడిన అభిప్రాయమొకటి కలదు. మనుష్యుని క్రుంగదీసినది నూనె తక్కువగుట మాత్రమే కాదు, ఆ తక్కువ ఎంతయో, తనకు వచ్చు భాగమెప్పుడు వచ్చునో తెలియకుండుట అంతకన్న ఎక్కువగా క్రుంగదీసినది. వారమునకు నాలుగు లీటర్లే వచ్చునని రూఢిగా తెలిసిన గృహస్థు తన వారమును ఆ నాలుగు లీటర్లకు సరిపెట్టుకొనగలడు. ఏ దినము పోవలెనో, ఏ దినము నడువవలెనో, బిడ్డను బడికి ఎవరి బండిమీద పంపవలెనో ఆలోచించుకొనగలడు. రేపు వచ్చునో రాదో తెలియనివాడు మాత్రము పని మాని, నిద్ర మాని, వరుసలో నిలువక తప్పదు. అట్టివాడు అవసరమునకు మించి కొని దాచుకొనును. ఆ దాచుకొనుటవలననే మరియొకనికి లేకపోవును.

వంటయింటి సంగతి వేరుగా చెప్పవలసియున్నది, ఏలయన కష్టము ముందుగా ప్రవేశించినది అచ్చటనే. 2021 చివరనే సిలిండరులోని వాయువుల పాలు మారుటవలన అక్కడక్కడ ప్రేలుళ్ళు జరిగి జనులు భీతిల్లియుండిరి. పిమ్మట గ్యాసే రాకపోయెను. విద్యుత్పొయ్యిమీద వండుకొందమన్నచో, 2022 మార్చి చివర దినమునకు పదమూడు గంటలవఱకు కరెంటు లేదు. పల్లెలలో కష్టము కొంత తక్కువ. ఆ దేశమున అధికసంఖ్యాకులు నేటికిని కట్టెలతోనే వండుకొందురు గనుక వారి పొయ్యి మండుచునే ఉండెను. అంతస్తులమీద అంతస్తులుగా కట్టిన మేడలలో, పొగ పోవుటకు గొట్టమైనను లేని చిన్న వంటగదులలో కాపురముండిన మధ్యతరగతివారు మాత్రము నిజముగా దిక్కులేనివారైరి. కట్టెలు కొనగలరు, కాని ఎక్కడ మండింతురు? కొందరు మిద్దెలమీదను, కొందరు మెట్లక్రిందను, మట్టిపొయ్యిలు పెట్టుకొని ప్రొయ్యూదిరి.

ఈ సంగతి చదివినప్పుడు మన అంబత్తూరులో నిన్న మొన్న లేచిన అపార్టుమెంటులు నా కన్నులయెదుట మెదలినవి. ఒకప్పుడు మన ఇండ్లలో ఒకే వస్తువుపై ఇంతటి ఆధారము లేకుండెను. కట్టెల అడితినుండి తెచ్చిన సరుగుడు కట్టెలు ఒక మూలను, పిడకలు ఒక మూలను, బొగ్గులబస్తా మరియొక మూలను ఉండెడివి. పాలు కాచుటకు కుంపటి, అన్నమునకు కట్టెపొయ్యి, తొందరపనికి ఒత్తుల స్టవ్వు. వీటన్నిటిలో నాకు మిక్కిలి ముచ్చటగొలుపునది పొట్టుపొయ్యి. రేకుడబ్బాకు అడుగున ఒక రంధ్రము చేసి, నడుమ సీసాను నిలిపి, దానిచుట్టును కోతమిల్లునుండి తెచ్చిన రంపపు పొట్టును గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా పైకి తీసినచో నిలువున గొట్టమువంటి ఖాళీ ఏర్పడును. అడుగు రంధ్రములో చిన్న పుల్ల వెలిగించి పెట్టినచో ఆ పొట్టు లోపలినుండి వెలుపలికి నిదానముగా కాలుచు, గంటలతరబడి నిలుకడగా వేడినిచ్చును. కోతమిల్లువారు పారబోయు చెత్తతో ఒక కుటుంబము పూట వంట సాగెడిది. పొగ లేకపోలేదు, ఆ పొగ ఇల్లాండ్ర కన్నులను, ఊపిరితిత్తులను ఎంత బాధించినదో ఎరిగినవాడను గనుక ఆ కాలము మరల రావలెనని కోరను. అయినను, ఒక ద్వారము మూతపడినప్పుడు తెరచుకొనుటకు మరియొక ద్వారము ఇంటిలో ఉండుట వివేకమని చెప్పక తప్పదు. కొలంబో గృహిణులు మరల నేర్చుకొన్న మెలకువలు మన అమ్మమ్మలు ఎరిగినవే: పప్పును ముందురాత్రియే నానవేయుట, బియ్యము నానిన పిదపనే ఎసటిలో పోయుట, రెండు పూటలకు ఒకమారే వండుట, పొంగు వచ్చిన వెంటనే గిన్నె దించి మూతపెట్టి మందపు గుడ్డలతో చుట్టి, తక్కినది దాని వేడిలోనే ఉడుకనిచ్చుట.

మన పట్టణమునకును ఇట్టి కాలమొకటి వచ్చియుండెను. ఒకప్పుడు మన దీపములలో వెలిగిన కిరసనాయిలు చాలవఱకు బర్మానుండియే వచ్చెడిది. 1914 సెప్టెంబరు 22వ తేది రాత్రి జర్మను యుద్ధనౌక ఎండెను మదరాసు రేవుపై గుండ్లు కురిపించినప్పుడు భగ్గున మండినవి బర్మా ఆయిలు కంపెనీవారి కిరసనాయిలు ట్యాంకులే. రెండవ ప్రపంచయుద్ధమున 1942 మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమయ్యెను. ఏప్రిలు నడుమ ఐరావతీ తీరముననున్న యెనాంజాంగు నూనెబావులను, శత్రువునకు దక్కకుండుటకై, వెనుకకు తగ్గుచున్న బ్రిటిషువారే ధ్వంసము చేసిరి. దానితో మన కిరసనాయిలునకు మూలమే తెగెను. ఆ నూనెతోపాటు తెగినది మరియొకటి కూడ కలదు. గోదావరి, విశాఖ మండలములనుండి "రంగము", అనగా రంగూను, పోయి, ఆ రేవులోను ధాన్యపు మిల్లులలోను కష్టించిన మన తెలుగు కూలీలు, వెనుకకు వచ్చుటకు ఓడలు చాలక, అరకాను కొండలగుండను అస్సాము అడవులగుండను కాలినడకను బయలుదేరి, త్రోవలో వేలకొలది నశించిరి. దీపమునకు నూనె లేదని వాపోయిన ఇండ్లలో కొన్ని, రంగమునకు పోయిన బిడ్డ జాడ తెలియక వాపోవుచుండినవి కూడ. ఇంధనపు కొరతను ధరల పట్టికగా మాత్రమే చూచుట ఎంత తప్పో ఈ యొక్క సంగతివలన తెలియును.

ఆ 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు పడెను. మదరాసు సగము ఖాళీ అయ్యెను. పెట్రోలునకు అప్పటికే రేషను ఏర్పడియుండెను. బస్సులు బొగ్గుతో నడువసాగెను. బొగ్గుబస్సును చూచినవారు నేడు అరుదు గనుక కొంచెము వివరించెదను. బండి వెనుక ఒక పెద్ద ఇనుప పీపా. దానిలో బొగ్గు పోసి, గాలి చాలీచాలకుండ అందించి మండించినచో మండెడి భాగమున కార్బను మోనాక్సైడు ముఖ్యముగా గల వాయువు పుట్టును. దానిని వడగట్టి ఇంజనునకు పంపుదురు. బయలుదేరుటకు ముందు క్లీనరు చాలసేపు చక్రము త్రిప్పి నిప్పు రాజవేయవలెను. పెట్రోలుతో పోల్చినచో బలము బాగుగా తక్కువ. ఎత్తువచ్చినచోట ప్రయాణికులు దిగి నెట్టవలసివచ్చుటయు కలదు. అయినను బండి నడిచినది, జనులు ఊళ్ళు చేరిరి. అప్పుడు పట్టణమును నిలిపినవి మరి రెండు: వీధులలోని ట్రాములు, 1931నుండి బీచినుండి తాంబరమువఱకు నడచుచున్న విద్యుద్రైళ్ళు. రెండింటికిని పెట్రోలు అక్కఱలేదు. 1953లో ఆ ట్రాములను మూసివేసినందుకు నేను నేటికిని విచారింతును.

రేషనుకార్డును తలచుకొని విసుగుకొనుట మనకు అలవాటు. అందులోని అవినీతి, జాప్యము, నేను కాదనను. అయినను ఆ కార్డు పేదవానికి ఒక మాట ఇచ్చినది: నీ భాగము చిన్నది, కాని అది నీది, దానిని పొరుగువాడు కొనిపోజాలడని. ఆ మాట లేనిచోట ఏమి జరుగునో చూచుటకు యుద్ధకాలమునకు పోనక్కఱలేదు. 2024 జనవరి ఆరంభమున, వాహనము గుద్ది పారిపోయినవారికి క్రొత్త చట్టము విధించిన శిక్షకు నిరసనగా ట్యాంకరు డ్రైవర్లు పని మానిరన్న వార్త పుట్టగానే, హైదరాబాదులో జనులు బంకులమీద విరుచుకొని పడిరి. గంటలలోపల అనేక బంకులయందు "నిల్వ లేదు" అను పలకలు వ్రేలాడెను. భోజనపు పొట్లములు చేరవేయు ఒక యువకుడు వరుసలో నిలిచి విసిగి గుఱ్ఱమెక్కి పోయెను. సమ్మె వెంటనే ముగిసినది, నూనె మరల వచ్చినది. ఆ ఒక్క దినమున నగరమును తల్లక్రిందులు చేసినది కొరత కన్న కొరతయగునన్న భయమే.

కొలంబోలో ఈ భయమునకు మందు 2022 జులై చివర దొరకెను. ప్రతి వాహనమునకును ఒక క్యూఆర్ ముద్ర నిచ్చి, వారమునకు మోటారు సైకిలునకు 4 లీటర్లు, ఆటోకు 5, కారునకు 20 అని నిర్ణయించి, ఆగస్టు 1నుండి దేశమంతట దానిని అమలుపరచిరి. ఫోనులోనో, కాగితముమీదనో ఆ ముద్రను చూపినచో బంకువాడు అంతమాత్రమే పోయును; ఆ వారమునకు మరల పోయడు. వచ్చిన నూనె ఒక్కసారిగా పెరుగలేదు. అయినను కిలోమీటర్ల వరుసలు కొలదివారములలో కురచవై, క్రమముగా మాయమయ్యెను. తన వంతు ఎక్కడికిని పోదని తెలిసినవాడు రాత్రి ఇంట పండుకొనెను. అప్పటివఱకు మూడుమారులు పోయిన చోటికి ఒకమారు పోవుట, ఇరుగుపొరుగువారు ఒకే కారులో కార్యాలయమునకు పోవుట, దగ్గరిదానికి నడచుట, వారపు పనులను ఒక కాగితముమీద వ్రాసికొనుట, ఇవన్నియు అటుపిమ్మటనే సాధ్యమైనవి. పొదుపునకు ఉపదేశములు అంతకు ముందును కొదువ లేదు. పొదుపు చేయుటకు వలసిన నిశ్చయము మాత్రము అప్పుడు కలిగినది. 2023 సెప్టెంబరులో ఆ యేర్పాటును ఎత్తివేసిరి.

ఈ యేర్పాటు అందరికిని సమముగా మేలు చేసినదని నేననను. వారమునకు ఐదు లీటర్లతో బాడుగకు తిరిగి సంసారము నడుపుట అసాధ్యమని ఆటోలవారు మొరపెట్టుకొనిరి. వారి మొర న్యాయమైనదే, ఏలయన ఒకరికి విహారమునకును మరియొకరికి కూటికిని ఉపయోగపడు వస్తువును ఒకే త్రాసున తూచుట న్యాయము కాదు. బండి లేనివానికి ఆ ముద్రయు లేదు. సముద్రమునకు పోవు బెస్తల సంగతి మఱింత దైన్యము. పడవ మోటారునకు వలసిన కిరసనాయిలు నెలలతరబడి దొరకక వలలు ఒడ్డుననే ఎండినవి. దొరకునాటికి, అనగా 2022 ఆగస్టులో, ఆ దేశపు నాణెమున లీటరు 87 రూపాయలనుండి 340 రూపాయలకు ఎగబ్రాకెను. చేపలు చవుకగా తిను పేదల పళ్ళెమునకు ఆ భారము చేరెను.

మనవారు చేసిన సాయమును స్మరింపవలెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో భారతప్రభుత్వము నూనె కొనుటకై 50 కోట్ల డాలర్ల అప్పు నిచ్చెను. మే 18వ తేదీన మన చెన్నై రేవునుండియే 9,000 టన్నుల బియ్యము, 200 టన్నుల పాలపొడి, 24 టన్నుల మందులు మోసికొని తమిళనాడు ప్రభుత్వము పంపిన తొలి ఓడ బయలుదేరెను. మార్చి మాసమునుండియే ధనుష్కోటి ఒడ్డున చిన్నపడవలలో కుటుంబములు కుటుంబములుగా దిగసాగిరి. అంబత్తూరునకు కొలది దూరముననున్న పుళలులో, అంతకు చాలపూర్వము యుద్ధమునకు వెరచి వచ్చిన లంక తమిళుల శిబిరమొకటి కలదు. అచ్చటివారు ఆ దినములలో ఆవలి ఒడ్డునందలి తోబుట్టువుల క్షేమమునకై ఎంత ఆరాటపడియుందురో తలచుకొనినచో మనస్సు ద్రవించును.

ఇప్పుడు మన ఊరిమాట. సైకిలు మనకు పొరుగూరిది కాదు. 1949లో స్థాపితమైన టీఐ సైకిల్సు సంస్థ కర్మాగారము నెలకొన్నది అంబత్తూరులోనే. హెర్క్యులిస్ సైకిలు దక్షిణదేశపు ఊళ్ళకు ఇచ్చటినుండియే పోయినది. కొలంబోలో నూనె కరవైన నెలలలో సైకిళ్ళ ధర ఎంతో పెరిగినను కొనువారు తగ్గలేదు. ఎస్టేటు ప్రక్కవీధులలో నివసించుచు, పని మూడు నాలుగు కిలోమీటర్ల దూరముననున్నవారు నేడు సైతము మోటారు సైకిలు ఎక్కుచున్నారు. వారి దారిలో సైకిలునకు భద్రమైన అంచు ఒకటి నగరపాలకులు కేటాయించినచో కరవు వచ్చువఱకు ఆగనక్కఱయే లేదు. 1856లో రాయపురమునుండి వాలాజా రోడ్డువఱకు వేసిన దక్షిణదేశపు తొలి రైలుదారి మన ఊరిగుండనే పోవుచున్నది. దానిమీద నేడు విద్యుద్రైళ్ళు నడచుచున్నవి. ఇది గొప్ప భాగ్యము. అయినను స్టేషనునుండి ఎస్టేటు లోపలికి నడచిపోవుటకు నీడగల కాలిబాట చక్కగా లేదు.

విద్యుత్తును నమ్ముకొని నిశ్చింతగా ఉండుటకు కూడ వీలులేదు. 2012 ప్రాంతమున తమిళనాడులో కరెంటుకోత మిక్కుటమైనప్పుడు చిన్న కర్మాగారములవారు డీజిలు జనరేటర్లు కొని నెలలతరబడి వాటితో నెట్టుకొనివచ్చిరి; లాభమంతయు డీజిలునకే పోయెనని యజమానులు వాపోయిరి. శ్రీలంకలో ఇదియే చక్రముగా తిరిగినది: డీజిలు లేక విద్యుత్తు తగ్గినది, విద్యుత్తు లేక జనరేటర్లకు డీజిలు మరింత కావలసివచ్చినది. షెడ్డు పైకప్పుమీద సౌరఫలకములు వేసికొనుట ధనవంతుల వేడుకయని ఇంకను తలచువారు ఈ సంగతిని ఆలోచింపవలెను.

ప్రభుత్వము ముద్రలు, కార్డులు ఇచ్చువఱకు వారములు గడచును. ఆ వారములే ప్రమాదకరమైనవి. ఆ వ్యవధిలో పొరుగువారికి పొరుగువారే దిక్కు. కావున ఒక్కొక్క వీధికిని ఒక పట్టిక ముందే సిద్ధముగా ఉండవలెనని నా కోరిక. వారమునకు రెండు మూడుమారులు డయాలిసిసునకు పోవలసినవారు ఎవరు, ఇంటిలో ఆక్సిజను యంత్రము పెట్టుకొన్నవారు ఎవరు, నెలలు నిండిన గర్భిణులు ఎవరు, ఆటోయే జీవనాధారమైనవారు ఎవరు, ఒంటరిగా ఉండి సిలిండరు మోయలేని వృద్ధులు ఎవరు. అట్లే, కట్టెపొయ్యి పెట్టుకొనుటకు తావుగల పెరడు ఎవరిది, నలుగురిని ఎక్కించుకొనగల బండి ఎవరిది. మా వీధివారితో ఈ మాట ప్రస్తావింపగా పెక్కుమంది సమ్మతించిరి. తెలుగువారు, తమిళులు, ఉత్తరాదినుండి ఎస్టేటు పనికి వచ్చి గదులలో ఉన్న కుఱ్ఱవాండ్రు, అందరి ఇండ్లకును పోయి వ్రాసికొనవలెనని నిశ్చయించుకొంటిమి. ఈ ఆదివారము ఉదయము మొదటి వీధితో ఆ పని ప్రారంభించుచున్నాము.